మావయ్య కత్తిరించని అంకె

పోయిన వారం ఈ అమ్మాయిని మెట్ల మీద వదిలేశాం. పై అంతస్తులో ఆమె కూర్చునే గాలి అంచనాల గది, కింది అంతస్తులో ఊళ్లన్నిటికీ కరెంటు పంచిపెట్టే కంట్రోల్ రూము, మధ్యలో పద్దెనిమిది మెట్లు. మొన్న సాయంత్రం ఊళ్లో పడమటి వైపు సగం ఇరవై రెండు నిమిషాలు చీకట్లో కూర్చుంది. గాలిమరల నుంచి మూడు వందల మెగావాట్లు వస్తాయని నమ్మి కంట్రోల్ రూము బొగ్గు ప్లాంటును తగ్గించుకుంది. తీరా వచ్చింది రెండు వందల నలభై. ఆ రోజు గాలి అంకె చెప్పింది ఈ అమ్మాయి. మూడు వందలని రాసుకున్నది ఆమె మేనమామ. ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చున్న షిఫ్ట్ ఇన్‌ఛార్జి కుర్చీలోంచి ఆయన్ని నిన్న పొద్దున లేపేశారు. విచారణ కమిటీ ఇవాళ సాయంత్రం ఐదింటికి కూర్చుంటుంది. ఇంతవరకూ ఆ ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. ఎవరికీ తెలియనిది ఒకటుంది. దాన్ని మోసుకుని ఆమె ఆ మెట్లు దిగుతోంది.

కంట్రోల్ రూములో ఆయన లేడు. ఉండడని తెలిసినా అలవాటు కొద్దీ ఆ కుర్చీ వైపే చూసింది. అందులో రెండో సారు కూర్చుని ఉన్నాడు. పదేళ్లుగా మావయ్య పక్కన రెండో మనిషిగా పనిచేశాడు గనక ఆ పేరు. కుర్చీ కొత్తగా వచ్చిన సంతోషం మొహంలో వెతికినా లేదు. సీటు అంచున ఇలా ఆనీ ఆననట్టు కూర్చుని, "సారు క్యాంటీన్లో ఉన్నారు మేడమ్" అన్నాడు.

రెండు దాటి పది నిమిషాలైంది. మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు తిని వెళ్లిపోయారు. మావయ్య కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని బయట ట్రాన్స్‌ఫార్మర్ హోరు వింటున్నాడు. ఆ హోరు విని గ్రిడ్డు బాగుందో లేదో చెప్పగలనని ఆయన గొప్ప. అత్తయ్య ఒప్పుకోదు. ఇంట్లో కుక్కర్ కూత వినపడదు గానీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ వినపడుతుందట అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

"రా అమ్మడూ. టీ చెప్పనా?"

"వద్దు మావయ్యా."

"వద్దన్నావంటే ఏదో ఉంది. చిన్నప్పుడూ అంతే. లెక్కల్లో మార్కులు తగ్గిన రోజు అన్నం వద్దనేదానివి." కుర్చీ లాగి చూపించాడు. "కూర్చో. నా మొహం అంత భయంగా ఉందా ఏంటి?"

ఆమె కూర్చుంది.

ఆ ఆఫీసులో మావయ్యకి 'కత్తెర' అని పేరు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, ఆయనకి తెలియని రోజూ లేదు. ఎందుకంటే గాలి గదినుంచి ఏ అంకె వచ్చినా అందులో ఐదో వంతు కోసి రాసుకోవడం ఆయన పద్ధతి. వంద అంటే ఎనభై. మూడు వందలంటే రెండు వందల నలభై. రాతపూర్వకంగా ఎక్కడా లేని రూలు. "గాలిని నమ్ముకుని ఊరికి కరెంటిస్తామంటే గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టే" అనేవాడు. "ఎక్కువొస్తే నాలుగు మరలు ఆపుకుంటాం. తక్కువొస్తే ఎవడింట్లోనో దీపం ఆరుతుంది." మాట తీసెయ్యదగ్గది కాదు. బొగ్గు ప్లాంటు ముసలి ఎద్దులాంటిది, లేవమంటే లేవదు, గంటలు పడుతుంది. తగ్గించాక గాలి మొహం చాటేస్తే గతేమిటి? అందుకని ఆయన కోసేవాడు. ఆయన్ని చూసి మిగతా షిఫ్టుల వాళ్లూ కోసేవాళ్లు.

"మావయ్యా, మొన్న నీకు మూడు వందలని చెప్పాను కదా."

"చెప్పావు. ఫోన్లో కూడా కాదు, స్వయంగా కిందికి దిగొచ్చి మరీ చెప్పావు. నేను రాశాను. గాలి తప్పింది. మనుషులే మాట తప్పుతుంటే గాలి తప్పదా?"

"గాలి తప్పలేదు. నా లెక్కలో వచ్చింది రెండు వందల నలభయ్యే."

మావయ్య చేతిలో గ్లాసు బల్ల మీదికి దిగింది. "రెండు వందల నలభయ్యా?" అన్నాడు. ఆ అంకె విని అంతలా ఎందుకు ఉలిక్కిపడ్డాడో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు. తన తప్పు విని అనుకుంది.

"మరి మూడు వందలని ఎందుకన్నావు? కంగారులో నోరు జారిందా?"

అది ప్రశ్న కాదు. ఆమె ఎక్కి తప్పించుకోవడానికి ఆయన వేసిన నిచ్చెన. అవునంటే అక్కడితో అయిపోయేది. ఆమెకీ ఆ సంగతి తెలుసు, ఒక క్షణం ఆశపడింది కూడా. కానీ రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేని మనిషి ఆశకి బలమెంత?

"జారలేదు. కావాలనే చెప్పాను. మొన్నొక్కరోజే కాదు. ఏడు నెలలుగా ప్రతి అంకెకీ నాలుగో వంతు కలిపి చెప్తున్నాను."

మావయ్య గ్లాసు పక్కకి జరిపాడు.

"మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేదాన్ని. నువ్వు ఐదో వంతు కోసేవాడివి. సాయంత్రానికి గాలి నేను చెప్పినంతా వచ్చేది. అప్పటికే బొగ్గు నిండుగా మండుతుండేది, గాలికి చోటుండేది కాదు. మరలు ఆపమని మీ డెస్కునుంచే ఫోనొచ్చేది. బ్రహ్మాండమైన గాలిలో రెక్కలు కట్టేసుకుని నిలబడేవి మావయ్యా. తెర మీద చూస్తూ కూర్చునేదాన్ని. ఏడుపొచ్చేది. నీతో ఎన్నిసార్లు చెప్పాను, కొయ్యకు కొయ్యకు అని?"

"చెప్పావు."

"నువ్వు నవ్వేవాడివి. ఒకరోజు కోపమొచ్చి నాలుగో వంతు కలిపేశాను. నువ్వు ఐదో వంతు కోశావు. ఎక్కడిదక్కడికి వచ్చింది. ఆ సాయంత్రం ఒక్క మర కూడా ఆపలేదు. మర్నాడు మళ్లీ కలిపాను."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఆ మర్నాడు ఆమె లోపల్లోపల మురిసిపోయింది కూడా. పాపం, పిల్లదే కదా. ఒక మనిషి రాయని రూలుతో కోస్తాడు, ఒక మనిషి దాచి కలుపుతుంది, మధ్యలో గ్రిడ్డు హాయిగా నడుస్తుంది. ఇద్దరిలో ఒకరు అలవాటు మానిన రోజు ఏమవుతుందో అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు వెతుక్కుంటోంది.

"ఆసుపత్రిలో..." అంది. "జనరేటర్ అందుకోవడానికి నిమిషం పట్టిందట. కిడ్నీ వార్డులో రక్తం శుభ్రం చేసే మిషన్లు ఆగిపోతే నర్సులు చేత్తో చక్రాలు తిప్పారట. నలుగురు మనుషులు, మావయ్యా, ఆ మంచాల మీద."

"తెలుసు. నిన్న వెళ్లొచ్చాను. నలుగురూ బాగున్నారు. ఒకాయనైతే 'నువ్వేనా కరెంటు తీసింది' అని కాసేపు తిట్టి, తర్వాత బత్తాయి ఒలిచి పెట్టాడు." మావయ్య కిటికీ వైపు తిరిగాడు. తిరిగి మాట్లాడినప్పుడు ఆమె ఎదురుచూసిన కోపం ఆ గొంతులో లేదు. "ఏడు నెలలు. నేను కోశాక మిగిలింది ప్రతిసారీ అచ్చంగా సరిపోయేది. నా చెయ్యి మంచిదనుకున్నాను. రెండో సారుకి పాఠం కూడా చెప్పాను, చూసి నేర్చుకో, ఇదే అనుభవమంటే అని."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

"అంటే అది నా అనుభవం కాదు. నీ లెక్క. ఏడు నెలలు రోజూ అంత కచ్చితంగా చెప్పగలిగావా?"

ఆ ప్రశ్నలో గర్వముంది. ఆమె స్పష్టంగా విన్నది. మరుక్షణమే ఆ గర్వాన్ని తొక్కుకుంటూ వెనకే బాధ వచ్చింది.

"సరైన అంకె తెలిసి కూడా నాకు వేరేది చెప్పావు. నాకు. ఊళ్లో ఎవరికి చెప్పినా బాధపడేవాణ్ణి కాదు అమ్మడూ."

దానికి ఆమె దగ్గరున్నది ఇంకో ప్రశ్నే. "మరి నువ్వు మొన్న ఎందుకు కొయ్యలేదు? ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కరోజూ కొయ్యకుండా ఉండనివాడివి?"

మావయ్య చల్లారిన టీ మీది మీగడ వేలితో పక్కకి తీశాడు. చెప్పకుండా దాటేద్దామనుకున్నాడేమో, ఆమె కళ్లు చూసి మనసు మార్చుకున్నాడు.

"సోమవారం మీటింగులో పెద్ద సారు అడిగాడు. గాలి గదిలో ముగ్గురు పనిచేస్తున్నారు, వాళ్లిచ్చిన అంకె మీ డెస్కు ఒక్కరోజైనా ఉన్నదున్నట్టు వాడుకుందా, వాడనప్పుడు ఆ గదెందుకు, మూసేద్దామా అని. అందరూ నా వైపు చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కాగితాలు సర్దుకున్నాను. మర్నాడు నువ్వొచ్చి మూడు వందలన్నావు. నీ అంకె ఎప్పుడూ కాస్త పొంగి ఉంటుందని నాకు తెలుసు. కుర్రతనం పొంగు అనుకున్నాను. అరవై తగ్గినా ఆనకట్ట దగ్గర టర్బైన్ ఉంది, ఐదు నిమిషాల్లో అందుకుంటుంది. ఒక్కరోజు, ఒక్క అంకె, ఉన్నదున్నట్టు నా చేత్తో రాస్తే నీ గది నిలబడుతుందని రాశాను." ఆగాడు. "ఆనకట్ట గేటు ఆ రోజే బిగుసుకుపోవాలా? ఐదు నిమిషాలనుకున్నది ఇరవై రెండైంది."

ఇన్నాళ్లూ ఆయన తనని నమ్మట్లేదని కదా ఆమె కోపం! నమ్మిన రోజున ఆయనకి దక్కింది ఇదీ.

"నేను కమిటీకి చెప్పేస్తాను మావయ్యా. ఐదింటికి నువ్వు వెళ్లకముందే."

"ఏం చెప్తావు?"

"కలిపానని."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది." ఈసారి గొంతు గట్టిగానే వచ్చింది. "విను. పిల్ల లెక్క తప్పిందంటే వాళ్లు క్షమిస్తారు. ముసలాడి చెయ్యి తప్పిందంటే ఇంకా సులభంగా క్షమిస్తారు. నేనెలాగూ వచ్చే ఏడు దిగిపోయేవాణ్ణి. కానీ గాలి గదిలో కావాలనే దొంగ అంకెలు చెప్తున్నారని తెలిస్తే, నీతో ఆగదు. గాలినే నమ్మరు. ఆ మరలు ఇక తిరిగినా ఒకటే, తిరక్కపోయినా ఒకటే."

"చెప్పకపోతే? రేపు నీ కుర్చీలో ఇంకొకరు కోస్తారు. నా గదిలో ఇంకొకరు కలుపుతారు. మళ్లీ ఒకరోజు ఇద్దరిలో ఎవరో మంచివాళ్లయిపోతారు. మళ్లీ ఆసుపత్రి. అందుకేనా నువ్వు నిన్న వెళ్లి ఆ నలుగుర్నీ చూసొచ్చింది?"

మావయ్య ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత చెయ్యి చొక్కా జేబు మీద పెట్టుకున్నాడు. మడతపెట్టిన కాగితం అంచు కనిపిస్తోంది.

"నా వాంగ్మూలం ఇంకా ఇక్కడే ఉంది. ఐదింటిదాకా టైముంది. నువ్వు పైకెళ్లి పని చూసుకో. మూడింటికి అంకె ఇవ్వాలి కదా. నన్ను ఆలోచించుకోనీ."

"నాకు చెప్పకుండా ఇవ్వవు కదా?"

"వెళ్లవే. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

ఇవ్వనని ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదని ఆమెకి మెట్లు సగం ఎక్కాక గాని తట్టలేదు. అప్పటికి మూడు కావస్తోంది.

పై గదిలో తెర మీద సాయంత్రం లెక్క సిద్ధంగా ఉంది. ఏడు గంటలకి రెండు వందల ఎనభై. కొండ మీది మరలన్నీ కలిపి ఇవ్వగలిగేదే నాలుగు వందలు, అందులో రెండు వందల ఎనభై అంటే మంచి గాలే. కిటికీలోంచి చూస్తే కింద చెట్ల కొమ్మల్లో ఇంకా కదలిక లేదు. ఊరికి ఆ గాలి అందడానికి నాలుగ్గంటలు పడుతుంది. అది వస్తోందని ఊరందరిలోకీ తెలిసింది ఆమెకొక్కదానికే.

బల్ల మీద నల్ల ఫోను మోగింది. కంట్రోల్ రూము లైను అది, ప్రతి మాటా రికార్డవుతుంది. చెప్పిన అంకెని విన్నవాళ్లు తిరిగి చెప్పి ఖాయం చేసుకోవాలి, అదొక నియమం. పదేళ్ల అలవాటు మీద రెండో సారు ఆ నియమాన్ని ఇంటికి కూడా తీసుకెళ్లాడని, పెళ్లాం కిలో టమాటాలంటే "కిలో టమాటాలు, ఖాయం" అంటాడని చెప్పుకుంటారు.

"మేడమ్, సాయంత్రం అంకె?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక మాట ముందే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. నిన్న పైనుంచి ఆర్డరొచ్చింది. గాలి అంకె ఎంతొచ్చినా సగమే రాయాలి."

సగం. రెండు వందల ఎనభైకి నూట నలభై. నూట నలభై రాస్తే ఇప్పుడే బొగ్గు ప్లాంటులో రెండో బాయిలరు వెలిగిస్తారు. ఏడింటికి కొండ మీద గాలి విరగబడి వీస్తుంటే సగం మరలు చేతులు కట్టుకుని నిలబడతాయి. నాలుగు వందలని చెబితే? రెండు వందలైనా దక్కుతాయి. నాలుక చివరిదాకా వచ్చింది ఆ అంకె. ఏడు నెలల అలవాటు, ఎవరూ పిలవకుండానే వచ్చి నిలబడింది.

ఆసుపత్రిలో బత్తాయి ఒలిచిన మనిషి గుర్తొచ్చాడు. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

"రెండు వందల ఎనభై," అంది. "ఇది నిజమైన అంకె. ఇవాళ్టినుంచీ ఉన్నదున్నట్టే చెప్తాను, మీరు సగం కొయ్యండి, పావు కొయ్యండి, మీ ఇష్టం. ఏడు నెలలుగా నేను నాలుగో వంతు కలిపి చెప్పాను. మొన్నటి మూడు వందలు కూడా అలాంటిదే. తెలిసే చెప్పాను. మా మావయ్య తప్పేమీ లేదు."

"రెండు వందల ఎనభై," అన్నాడు రెండో సారు అలవాటు ప్రకారం. "ఏడు నెలలుగా మీరు నాలుగో వంతు..." అని ఆగిపోయాడు. అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. "మేడమ్, ఈ లైను రికార్డవుతుంది."

"తెలుసు. అందుకే ఇందులో చెప్పాను."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక వెనక్కి తీసుకునే పని లేదు. ఏడు నెలల్లో మొదటిసారి ఆమెకి భుజాలు తేలికగా అనిపించాయి. ఐదింటికి మావయ్య కోప్పడతాడు, పడనీ. ఆ కాగితం ఇక జేబులోంచి తియ్యక్కర్లేదు కదా.

"మేడమ్," అన్నాడు రెండో సారు. ఇన్నాళ్లలో ఆ గొంతు అంత తడబడటం ఆమె వినలేదు. "సారు కాగితం ఎప్పుడో కమిటీకి వెళ్లిపోయింది."

"ఏ కాగితం?"

"వాంగ్మూలం. రెండింటికే ఇచ్చేశారు. నేనే టైపు చేశాను. సారు దగ్గర ఉన్నది నకలు."

రెండింటికి. తను క్యాంటీన్లో అడుగు పెట్టడానికి పది నిమిషాల ముందు.

"ఏం రాశారు అందులో?"

రెండో సారు టైపు చేసిన వరసలోనే చెప్పాడు. "మీరు చెప్పింది రెండు వందల నలభయ్యేనట. తనే పొరపాటున మూడు వందలని రాసుకున్నారట. గాలి గది లెక్కలో ఏ లోపమూ లేదని, ఆ గదిని మూసెయ్యొద్దని కూడా రాశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టారు మేడమ్. సారు ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క తప్పు ఎంట్రీ..." అని, తర్వాతి మాట మింగేశాడు.

ఆ అంకె వినగానే మావయ్య ఎందుకు ఉలిక్కిపడ్డాడో ఇప్పుడు తెలిసింది. ఆమె చెప్పి ఉండాల్సిన నిజాన్ని, ఆమె చెప్పినట్టుగా ఆయన అప్పటికే రాసి ఇచ్చేశాడు. అంతవరకూ ఆయనది చెయ్యి తప్పు. ఇప్పుడు ఈ లైను విన్నవాళ్లకి ఆయన అబద్ధపు సంతకం పెట్టిన మనిషి. ఆ మనిషిని చేసింది తనే, నిమిషం కిందట, నిజం చెప్పి.

నల్ల ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. పక్కన తెల్ల ఫోను మోగింది. అది లోపలి లైను. ఎత్తింది.

"గాలి గదేనా? కమిటీ రూమునుంచి." ఒకావిడ గొంతు, అలసిపోయినట్టున్నా దయగా ఉంది. "మీ మావయ్యగారు తొందరగా ముగించమని అడిగితే ఐదింటిదాకా ఆగకుండా ఇప్పుడే కూర్చున్నాం. ఆయన ఇక్కడే ఉన్నారు. మీరిచ్చిన అంకె రెండు వందల నలభయ్యేనని రాసిచ్చారు. మీరొచ్చి అవునని చెప్తే చాలు, ఈ ఫైలు మూసేస్తాం. మాకూ ఆయన్ని ఇబ్బంది పెట్టాలని లేదమ్మా."

ఆ వెనకే, ఫోనుకి కాస్త దూరంగా, మావయ్య గొంతు వినిపించింది. క్యాంటీన్లో టీ చెప్పనా అన్నప్పటి గొంతే.

"రా అమ్మడూ. ఒక్క మాటే కదా."